చక్రము త్రిప్పువారి జాబితా

వానలు చాలని మా సీమలో చెరువు నిండిన యేడు పండుగ యేడు. అట్లు నిండిన చెరువునకు తూము తీయు అధికారము మాత్రము ఊరిలోని ప్రతి రైతునకును ఉండెడిది కాదు. నీరు కావలసినవాడు రైతే, మడి వానిదే, శిస్తు కట్టువాడును వాడే. అయినను పైరు వాడుచున్నదని రాత్రివేళ తానే పోయి తూము తీసినచో ఊరు వానిని క్షమించెడిది కాదు. తూము తీయవలసినవాడు నీరుగంటి. ఏ కాలువకు ముందు, ఏ కాలువకు వెనుక, ఎంతసేపు అను నిర్ణయము ఊరి పెద్దలది. నీరుగంటి చెరువునకు యజమాని కాడు. ఆయకట్టులో అందరికన్న పెద్ద రైతును కాడు. వానికి ఉన్నది ఒక పని, ఆ పనికి చాలినంత అధికారము, ఆ అధికారమును గూర్చి ఊరి యెదుట జవాబు చెప్పవలసిన బాధ్యత. ఈ మూటిలో ఏ యొక్కటి తప్పినను చెరువు కొందరి పాలగును, లేదా గండి పడును.

నేడు కర్నూలులోను కడపలోను కార్యాలయములు, కళాశాలలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఏ కంప్యూటరు వ్యవస్థలపై నడచుచున్నవో ఆ వ్యవస్థలకును ఒక తూము కలదు. దానిని యూనిక్స్ సంప్రదాయమువారు రూట్ అందురు. విండోస్ వాడువారు అడ్మినిస్ట్రేటర్ అందురు. ఆ పేరుతో లోపలికి పోయినవాడు ఏ దస్త్రమునైనను చదువగలడు, మార్చగలడు, తుడిచివేయగలడు. తాను చేసిన దానికి సాక్ష్యముగా మిగిలెడి లాగులను సైతము చెరిపివేయగలడు. అట్టి సర్వాధికారమును ఎవరికి ఈయవలెను, ఎట్లు ఈయవలెను, ఇచ్చిన తరువాత ఎట్లు తీసికొనవలెను అను ప్రశ్నకు లోకము అంగీకరించిన సమాధానములలో మిక్కిలి వ్యాప్తి చెందినది, ఒక నియమితమైన గ్రూపులో సభ్యులైనవారికి మాత్రమే ఆ ద్వారము తెరచుట. ఈ పద్ధతి ఎక్కడ పుట్టినది, ఎట్లు పెరిగినది, దానిపై వచ్చిన ఆక్షేపణలు ఏవి, మన తెలుగుదేశపు అనుభవము దానిని గూర్చి ఏమి చెప్పుచున్నది అను విషయములను ఒకచోట చేర్చి విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఒక యంత్రమును పలువురు పంచుకొనుట మొదలైన నాడే ఈ చిక్కును మొదలైనది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1961లో ప్రదర్శింపబడిన సి.టి.ఎస్.ఎస్. అను వ్యవస్థలో ప్రతి వాడుకరికిని ఒక పాస్‌వర్డు ఉండెడిది. 1966లో ఒకనాడు ఆ వ్యవస్థలో ఒక వింత జరిగినది: ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయమున, ఒకే అధికారపు పేరుతో, ఒకరు పాస్‌వర్డుల దస్త్రమును, వేరొకరు ఆనాటి ప్రకటనను సవరించుచుండగా, రెండు పనులకును ఒకే తాత్కాలిక దస్త్రము వాడబడుటచేత అవి తారుమారై, లాగిన్ అయిన ప్రతివానికిని అందరి పాస్‌వర్డులును టెర్మినల్‌పై కనబడినవి. అందులో దుర్బుద్ధి యెవరికిని లేదు. ఇద్దరు మనుష్యులు ఒకే పేరుతో సంచరించినప్పుడు యంత్రము వారిని వేరు చేసి చూడజాలదను పాఠమును ఆ దినము నేర్పినది. ఈ శాస్త్రమున తరువాత వచ్చిన సంస్కరణలలో చాలవరకు ఈ పాఠమునకు వ్యాఖ్యానములే.

1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థ వాడుకరిని పేరునుబట్టి కాక సంఖ్యనుబట్టి గుర్తించును. సున్న అను సంఖ్య ఎవరిదో వాడే సర్వాధికారి. ప్రతి దస్త్రమునకును యజమాని, గ్రూపు, ఇతరులు అని మూడు తరగతుల హక్కులు ఏర్పడినవి. ఈ నడిమి తరగతియే మన చర్చకు మూలము. వ్యక్తికిని లోకమునకును నడుమ 'మనవారు' అను ఒక భావమును యంత్రమునకు నేర్పినది ఇదియే. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున వృద్ధిపొందిన యూనిక్స్ శాఖలో ఒక అడుగు ముందుకు పోయి, రూట్ పాస్‌వర్డు తెలిసినవాడైనను 'వీల్' అను గ్రూపులో పేరు లేనిచో 'ఎస్‌యూ' అను ఆజ్ఞతో సర్వాధికారిగా మారుటకు వీలు లేదని కట్టడి చేసిరి. వీల్ అనగా చక్రము. ఆ పేరు అంతకుముందటి టెనెక్స్, ట్వెనెక్స్ వ్యవస్థల నుండి వచ్చినది. పలుకుబడి గలవానిని 'పెద్ద చక్రము' అని పిలుచు ఆంగ్ల వ్యవహారము దానికి మూలము. తెలుగువానికి ఈ పేరు వివరింప పనియే లేదు. తెరవెనుక నుండి వ్యవహారమంతయు నడిపించువానిని మనము తరతరములుగా చక్రము త్రిప్పువాడనియే అనుచున్నాము గదా!

ఆ చక్రము త్రిప్పువారి జాబితా ఎట్లుండునో దగ్గరగా చూచినచో ఆశ్చర్యము కలుగును. అది ఒక సాదా దస్త్రములోని ఒకే యొక్క వరుస. మొదట గ్రూపు పేరు, ఒక కోలన్ గుర్తు, పాస్‌వర్డు కొరకు విడిచిన చోట ఒక అక్షరము, మరల కోలన్, గ్రూపు సంఖ్య, అది బర్క్‌లీ సంప్రదాయమున సున్న, రెడ్ హ్యాట్ సంప్రదాయపు లినక్సులలో పది, మరల కోలన్, అటుపై కామాలతో వేరుచేయబడిన పేర్లు. ఇంతియే. ఒక జిల్లా ఆసుపత్రిలోని రోగుల వివరములు, ఒక విశ్వవిద్యాలయపు మార్కులు, ఒక సహకార సంఘపు ఖాతాలు ఎవరి దయపై ఆధారపడి యున్నవో ఆ విషయమంతయు ఆ వరుస చివరనున్న మూడు నాలుగు పేర్లలో ఇమిడియున్నది. ఒక కామా, ఒక పేరు చేర్చుటకు పట్టుకాలము అర నిమిషము. అందులకే మా ప్రాంతపు కార్యాలయములలో కొత్తగా చేరిన కుర్రవాడు వచ్చి "అన్నా, నన్నూ గ్రూపులో వేయన్నా, ప్రతిదానికీ నిన్ను అడగలేకపోతున్నా" అని ప్రాధేయపడినప్పుడు, అన్న కాదనలేక చేర్చివేయుటయు, ఆ కుర్రవాడు ఉద్యోగము మాని హైదరాబాదునకో బెంగుళూరునకో పోయిన మూడేండ్లకును ఆ పేరు ఆ వరుసలోనే నిలిచియుండుటయు సామాన్యమైపోయినవి.

వీల్ పద్ధతిలో ఒక లోపము కలదు. గ్రూపు సభ్యులందరును ఒకే రూట్ పాస్‌వర్డును పంచుకొనవలసియుండును; ఒకడు వెడలిపోయినచో అందరికొరకును దానిని మార్చవలసివచ్చును. 1980 ప్రాంతమున న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో విశ్వవిద్యాలయపు కంప్యూటరు విభాగమున బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అను ఇద్దరు రచించిన 'సుడో' అను సాధనము ఈ లోపమును చక్కదిద్దినది. దీనిలో సభ్యుడు ఇచ్చునది తన పాస్‌వర్డే. రూట్ రహస్యము అతనికి తెలియనక్కరయే లేదు. ఏ గ్రూపువారు, ఏ యంత్రముపై, ఎవరి పేరుతో, ఏ ఆజ్ఞను నడుపవచ్చునో ఒక దస్త్రమున విడివిడిగా వ్రాయవచ్చును. అన్నింటికన్న ముఖ్యముగా, ఎవరు, ఎప్పుడు, ఏ ఆజ్ఞను నడిపిరో లాగులో నమోదగును. నీరుగంటికి తూము తీయు హక్కు ఇచ్చి, ఎప్పుడు తీసినాడో గట్టుమీద వ్రాయించినట్లు అయినది. 2004లో వెలువడిన ఉబుంటు లినక్సు ఒక అడుగు సాహసించి, రూట్ పేరుతో నేరుగా లాగిన్ అగుటనే మూసివేసి, గ్రూపు సభ్యత్వమును సుడోను మాత్రమే మార్గముగా నిలిపినది. దూరమునుండి వచ్చువారికొరకు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్లలో ఫలానా గ్రూపువారినే లోనికి రానిమ్మని ఒక్క వరుసలో వ్రాయు సదుపాయమును ఏర్పడినది. ద్వారమువద్ద ఒక పట్టిక, లోపల తూమువద్ద వేరొక పట్టిక. ఈ రెండును వేరుగా ఉండుటయే మేలు.

ఈ ఆచారమునకు సిద్ధాంతబలము చేకూర్చినది 1975లో జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ అను ఎం.ఐ.టి. పండితులు ప్రకటించిన వ్యాసము. ఎవరికిని వారి పనికి అవసరమైనంతకు మించి అధికారము ఉండరాదనియు, అతి ముఖ్యమైన ద్వారములకు రెండు తాళములు వేరువేరు చేతులలో ఉండవలెననియు వారు ప్రతిపాదించిన సూత్రములు నేటికిని ఈ రంగమున ప్రమాణములు. 1992లో డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ అనువారు వ్యక్తికి కాక పాత్రకు అధికారమిచ్చు విధానమును క్రమబద్ధము చేసిరి. మైక్రోసాఫ్టువారు 2000వ సంవత్సరమునుండి యాక్టివ్ డైరెక్టరీ ద్వారా వేల యంత్రములను ఒకే గ్రూపుల పట్టికతో పాలించు మార్గమును వ్యాపింపజేసిరి. దానివలన పని సులభమైనది. ప్రమాదమును అంతే విస్తృతమైనది. ఏలయనగా ఒక యంత్రము ఆ డైరెక్టరీ పాలించు డొమైనులో చేరిన తక్షణమే, డొమైన్ అడ్మిన్స్ అను గ్రూపులోనివారందరును ఆ యంత్రమునకు సర్వాధికారులగుదురు.

అయితే ఈ విధానమును మూలమునందే ఖండించిన మహనీయుడు ఒకడు కలడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమునకు ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్, తాను ప్రారంభించిన గ్నూ ప్రణాళికలోని ఎస్‌యూ సాధనమునకు వీల్ కట్టడిని చేర్చుటకు నిరాకరించి, అందులకు కారణమును దాని వాడుక గ్రంథములోనే ప్రకటించెను. 1984లో ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో కొందరు వాడుకరులు నిర్వాహక పాస్‌వర్డును మార్చి, ఇతరులకు తెలియనీయక, సర్వాధికారమును తమలోనే ఉంచుకొనుటకు యత్నించిరనియు, ఆ యత్నమును తాను విఫలము చేసితిననియు ఆయన చెప్పెను. ఆ చిన్న బృందము ఒకవేళ నిరంకుశమైనచో, సానుభూతిగల ఒకడు పాస్‌వర్డును పదిమందికి చెప్పినను వీల్ గ్రూపు ఆ పదిమందిని అడ్డగించునని ఆయన అభ్యంతరము.

ఈ వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అధికారమును పరిమితము చేయుట వేరు, అధికారమును గుత్తకు తీసికొనుట వేరు. పై చూపునకు రెండును ఒకటిగనే కనబడును. మన గ్రామములలో కరణము చేతి లెక్క ఊరికి రక్ష కావలసినది, ఎన్నో చోట్ల ఊరికి శిక్షయైన చరిత్ర మనకు తెలియనిది కాదు. కాని స్టాల్‌మన్ వాదము పుట్టినది ఒకరి నొకరు ఎరిగిన పరిశోధకుల ప్రయోగశాలలో. అచ్చటి యంత్రముపై ఉన్నది వారి సొంత కృషి. నేటి సర్వర్లపై ఉన్నది నిర్వాహకుని సొత్తు కాదు, వాడుకరి సొత్తును కాదు. ఎన్నడును ఆ గదిలో అడుగుపెట్టని లక్షలాది ప్రజల భూమి, ఆరోగ్యము, ధనము. కనుక తలుపులు అందరికిని తెరచుట ఆయన చూపిన వ్యాధికి ఔషధము కాజాలదు. పట్టికలోనివారు పట్టికను తామే వ్రాసికొనకుండ చేయుటయే ఔషధము.

ఇందుకు దృష్టాంతము మనకు దూరదేశములలో వెదకనక్కరలేదు. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీకి వదలిన పిమ్మట, 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పైమాయిషీ నడిపిన థామస్ మన్రో కాలము నాటికే మన గ్రామములలో ఒక విభజన స్థిరపడియుండెను. లెక్క వ్రాయువాడు కరణము. రూకలు వసూలు చేయువాడు రెడ్డి, తరువాతి కాలపు మాటలో మునసబు. డబ్బు ముట్టినవాడు లెక్క వ్రాయడు. లెక్క వ్రాసినవాడు డబ్బు ముట్టడు. ఇద్దరును కూడబలుకుకొన్న ఊళ్లలో అన్యాయము జరుగకపోలేదు గాని, అన్యాయమునకు ఇద్దరు కూడవలసివచ్చుటయే ఒక కట్టడి. ప్రభుత్వ ఖజానాలోని ద్వంద్వ తాళములును ఇట్టివే. 2006లో కడప కేంద్రముగా ఏర్పడి, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో విలీనమైన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు వంటి సంస్థల కౌంటర్లలో, ఒక ఉద్యోగి నమోదు చేసిన లావాదేవీని వేరొక అధికారి ఆమోదింపనిదే అది చెల్లదను నియమమును ఆ వంశములోనిదే.

1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము కరణము, మునసబు మొదలగు గ్రామాధికారుల ఉద్యోగములను రద్దు చేసినది. లెక్కలు క్రమముగా కాగితమునుండి తెరకెక్కినవి. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అను కంప్యూటరు విధానము వచ్చినది. తరువాత అడంగల్, 1-బి అను భూమి పత్రములు ప్రభుత్వపు కంప్యూటరు వ్యవస్థయైన వెబ్‌ల్యాండ్‌లో చేరినవి. 2015లో మీ భూమి అను వెబ్‌సైటు ద్వారా రైతు తన ఖాతాను తానే చూచుకొను అవకాశము కలిగినది. వెబ్‌ల్యాండ్‌లో గ్రామ రెవెన్యూ అధికారి లాగిన్ వేరు, తహశీల్దారు లాగిన్ వేరు, పై అధికారుల లాగిన్‌లు వేరు. ఒకరు ప్రతిపాదింపగా వేరొకరు పరిశీలించి, తహశీల్దారు తన డిజిటల్ సంతకముతో స్థిరపరచవలెను. రచనలో ఇది నిర్దుష్టమైన పాత్రానుగత విధానము. పాత్రలకు హద్దులున్నవి, సంతకమునకు 2000వ సంవత్సరపు ఐటీ చట్టము ప్రామాణ్యమిచ్చినది.

కాని ఆచరణలో ఏమి జరుగునో నేను కన్నులారా చూచితిని. కొన్ని యేండ్ల క్రిందట మా జిల్లాలోని ఒక కార్యాలయమునకు 1-బి నకలు కొరకు పోయితిని. ఆ కార్యాలయము పేరు చెప్పను. అధికారి క్యాంపులో ఉండిరి. వరండాలో ఇరువది మంది రైతులు, ఒకరిద్దరు పాసుపుస్తకములు తువ్వాలులో చుట్టుకొని, ఉదయమునుండి కూర్చొనియుండిరి. కంప్యూటరు ముందున్న యువకుడు సొరుగు లాగి, రబ్బరు బ్యాండుతో చుట్టిన డిజిటల్ కీని తీసి యంత్రమునకు గ్రుచ్చెను. దాని పిన్ను తెర అంచున అంటించిన పసుపుపచ్చ చీటీపై వ్రాసియుండెను. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. మధ్యాహ్న భోజనము మాని ఆ ఇరువది మంది పనియు చేసి పంపెను, నా పనియు చేసెను. అయినను ఆనాడు ఆ తెరపై నమోదైన ప్రతి సంతకమును అక్కడ లేని ఒక అధికారి చేసినట్లే చరిత్రలో నిలిచినది. రేపు ఆ సర్వే నంబరులలో ఒకదానిపై వ్యాజ్యము వచ్చినచో, సంతకము ఎవరిది అను ప్రశ్నకు యంత్రము చెప్పు జవాబు అసత్యమగును. సౌకర్యము కొరకు, దయ కొరకు కూడ, మనము గ్రూపు అను గోడకు కన్నము పెట్టుచున్నాము. ఆ కన్నము నుండి రేపు దూరువాడు దయగలవాడే అయియుండడు.

సర్వాధికారపు లాగిన్ దుర్వినియోగమైనప్పుడు ఎంతటి వినాశము సంభవించునో చెప్పుటకు తెలుగుదేశమునందే ఒక మహోదాహరణము కలదు. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు సంస్థ లెక్కలు కల్పితములని లేఖ ద్వారా ఒప్పుకొనెను. లేని నగదు 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్లు చూపబడినదని ఆ లేఖలోనే వెల్లడించెను. తరువాతి దర్యాప్తులో బయటపడిన సంగతి మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. సంస్థ ఇన్‌వాయిస్‌లను నిర్వహించు వ్యవస్థలో 'సూపర్ యూజర్' అను లాగిన్ ఉండెడిది. దానితో లోపలికి పోయినవారు ఏ ఇన్‌వాయిస్‌కైనను దాచుటకు ఒక అక్షరము, చూపుటకు ఒక అక్షరము తగిలింపగలిగెడివారు. ఆ విధముగా 7,561 కల్పిత ఇన్‌వాయిస్‌లు, వాటిని చూడవలసిన విభాగములవారి కంటబడకుండ, లెక్కలలో మాత్రము ఆదాయముగా చేరినవి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము నిందితులను దోషులుగా నిర్ణయించినది. తరువాత అప్పీళ్లు దాఖలైనవి.

ఇక్కడ ఒక సూక్ష్మము గమనింపదగును. సూపర్ యూజర్ లాగిన్‌ను కొలదిమందికే పరిమితము చేయుటలో లోపము లేదు, పరిమితముగనే ఉండెను. లోపమెక్కడ? ఆ కొలదిమంది ఏమి చేయుచున్నారో చూడగల రెండవ వర్గము లేకపోవుటయందు. పరిమితి యొక్కటే రక్ష అని నమ్మువారు ఈ ఉదాహరణమును మరువరాదు. దొంగయే కావలివాడైన ఇంట తాళము ఎంత గట్టిదైనను ప్రయోజనమేమి?

ఇందుకు విరుద్ధ దిశనుండి వచ్చిన కష్టము 2020లో మన శ్రీశైలమున కనబడినది. నాడు కర్నూలు జిల్లాలో నుండిన ఆ క్షేత్రమున టిక్కెట్ల విక్రయములో రెండు కోట్ల రూపాయలకు పైబడిన ధనము ప్రక్కదారి పట్టినదని ఆ యేడు మే నెలలో బయటపడి, పలువురు సిబ్బంది అరెస్టయిరి. టిక్కెట్ల సాఫ్ట్‌వేరులోని సందులే వారికి దారి యయినవని వెల్లడియైనది. సత్యం సంస్థలో అధికారము పైన పోగుపడినది; ఇచ్చట క్రిందికి జారినది. రెండు చోట్లను కొరవడినది ఒకటే: ఎవరికి ఎంత అను పట్టికను పనికి దూరముగా నున్న వేరొక చేయి తరచుగా సరిచూచుట.

గ్రూపు పద్ధతికి స్వతస్సిద్ధమైన పరిమితులును కొన్ని కలవు. వాటిని తెలియక దానిపై భారమంతయు మోపరాదు. యూనిక్స్‌లోను విండోస్‌లోను సభ్యత్వము లాగిన్ అగునప్పుడు చదువబడును; కనుక ఒకని పేరును పట్టికనుండి కొట్టివేసినను, అప్పటికే లోపలనున్నవాడు బయటికి వచ్చువరకు పాత అధికారముతోనే కొనసాగును. గ్రూపులో గ్రూపు, దానిలో వేరొక గ్రూపు ఇమిడియున్నచో అసలు సభ్యులెందరో పైపై చూపునకు తెలియదు. పేరులో అధికారమని కనబడని గ్రూపులును కొన్ని కలవు: డాకర్ అను సాధనము వాడుకొనుటకై ఆ పేరుగల గ్రూపులో చేర్చినవాడు, ఇచ్చినవానికి తెలియకయే, ఆచరణలో రూట్‌తో సమానుడగును. సుడోలో ఒక దస్త్రమును దిద్దుటకు మాత్రమే అని వి.ఐ. అను ఎడిటరును అనుమతించినచో, ఆ ఎడిటరు నుండియే ఆజ్ఞలు నడుపు షెల్ తెరచి సర్వమును నడుపవచ్చును. కడకు కాపలాదారుకే జబ్బు చేయవచ్చును: 2011 నుండి సుడోలోనే దాగియున్న ఒక లోపము 2021 జనవరిలో బయటపడినది, దానిచేత ఏ గ్రూపులోను లేని సామాన్య వాడుకరి సైతము రూట్ కాగలిగెడివాడు. తక్షణమే సవరణ వెలువడినది గాని, వేసికొననివారికి సవరణ యేమి చేయగలదు?

కట్టడి మితిమీరినను కీడే. 2008లో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు నెట్‌వర్కు పాస్‌వర్డులు ఒకే యింజినీరు చేతిలో నుండగా, అతడు వాటిని చెప్పుటకు నిరాకరించి చెరసాలకు పోయెను. నగర మేయరు స్వయముగా పోయి అడిగినగాని అవి లభింపలేదు. మనకు ఇంతకన్న ఘోరమైన సందర్భము 2009 అక్టోబరు 2న వచ్చినది. తుంగభద్రయు హంద్రియు ఏకమై కర్నూలు నగరమున ప్రవేశించిన ఆ దినమున ఎవరి యిల్లు ఎచ్చట మునిగినదో, ఎవరి ఫోను పలుకునో ఎవరికిని తెలియదు. అట్టి దినమున ఒక ఆసుపత్రి సర్వరును తెరవగలవాడు ఒక్కడే యై, వాడు మిద్దెపై చిక్కుకొన్నచో ఏమి గతి? కావున సభ్యులు ఇద్దరికి తక్కువ ఉండరాదు. అత్యవసరమునకై ఒక ఖాతా పాస్‌వర్డును కవరులో సీలు వేసి ఇనుప బీరువాలో నుంచవలెను. సీలు విప్పిన ప్రతిసారియు ఎవరు, ఏల విప్పిరో రిజిస్టరులో వ్రాసి, పని తీరిన వెంటనే ఆ పాస్‌వర్డు మార్చవలెను.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువునకు సంబంధించి 1369 నాటి శాసనమొకటి కలదు. చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అది లెక్కించి చెప్పినది. ఆ దోషములలో ఒకటి, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట. ఎవరి ఏలుబడి యని తేలని చోట గట్టు ఎవరు వేయుదురు, గండి ఎవరు పూడ్తురు? నిర్వాహక ఖాతాలలో ఇద్దరు ముగ్గురు పంచుకొనునదియు, ఉద్యోగము మానినవాని పేరుతో మిగిలినదియు, కాంట్రాక్టు సంస్థదో కార్యాలయమునదో తేలనిదియు అట్టి సరిహద్దు చెరువులే. గండ్లు పడునది అచ్చటనే.

ఇంతవరకు విచారించినదానివలన తేలునది ఇది. సర్వాధికారమును గ్రూపు సభ్యత్వముచే నియమించుట సరియైన మార్గమే. స్టాల్‌మన్ వంటివారి భయము నిజమైనను దానివలన మార్గము తప్పగుట లేదు. కాని గ్రూపు అనునది గోడ కాదు, జాబితా మాత్రమే. జాబితా యెంత సత్యమో రక్షయు అంతే. ప్రతివాడును తన పేరుతోనే లోపలికి పోవలెను. అధికారము మనిషికి కాక పనికి చెందవలెను. పని తీరిన దినముననే పేరు కొట్టివేయబడవలెను. లాగులు ఆ యంత్రముపైననే కాక, పట్టికలోనివారి చేయి అందని వేరొక యంత్రముపై నిలువవలెను. అన్నిటికిని మిన్నగా, జాబితా వ్రాయు చేయియు జాబితాలోనున్న చేయియు ఒకటి కారాదు.

కర్నూలు, కడప జిల్లాల కళాశాలలలో కంప్యూటరు విద్య నేర్చుచున్న యువతీయువకులకును, కార్యాలయములలో సర్వర్లు చూచుకొను సోదరులకును నా విన్నపము ఒక్కటే. రేపు ఉదయము పనిలో కూర్చొనగానే, మీ యంత్రములలోని ఆ ఒక్క వరుసను తెరచి, చివరనున్న పేర్లను ఒక్కొక్కటిగా చదువుడు. ప్రతి పేరు వద్దను ఆగి, ఈయన నేడు ఇచ్చట ఏ పని చేయుచున్నారని ప్రశ్నించుకొనుడు. జవాబు దొరకని పేరును మీ పై అధికారికి చూపి, అనుమతి వ్రాయించుకొని, ఆ సాయంకాలములోగా తొలగింపుడు.